రంగు చేపల్లో ఏ రంగు ఎక్కడిది?

అక్వేరియం చేపల రంగుల గురించి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు అక్వేరియం కొన్నాము. ఒళ్లంతా గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే చేపలతో పాటు, అద్దంలా లోపలి ఎముకలు కనిపిస్తూ వీపు మీద రంగు గీత ఉన్న చిన్న చేపలను కూడా దుకాణంలో ఇచ్చారు. అన్నీ ‘లైట్ చేపలే’ అన్నారు. మా తోడికోడలు మాత్రం ఇవి ఇంజెక్షన్ చేసిన చేపలని, ఇంట్లో ఉంచుకోవద్దని అంటోంది. నిజమేమిటి? పిల్లలు ఆ నీళ్లలో చెయ్యి పెడితే ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి మీ తొట్టెలో రెండు వేర్వేరు రకాల చేపలు ఉన్నట్టున్నాయి. వాటిని ఒకే గాటన కట్టకూడదు. ఒళ్లంతా ఒకే రంగులో ఉన్నవి ఆ రంగుతోనే పుట్టిన జన్యుమార్పిడి చేపలు కావచ్చు. వాటి సంగతి తరువాతి జవాబులో వివరంగా రాశాను. అద్దంలా కనిపిస్తూ వీపు అంచున, పొట్ట అంచున రంగు గీతలున్నవి మాత్రం మీ తోడికోడలు చెప్పినట్టు సూదితో రంగు ఎక్కించినవే.

ఆ చేప నిజానికి మన నీళ్లదే. శాస్త్రవేత్తలు పరంబాసిస్ రంగా అని పిలిచే ఈ గాజు చేప మన దేశపు చెరువుల్లో, పంట కాలువల్లో, నదులు సముద్రంలో కలిసే చోట నిలిచే నీటిలో సహజంగా బతుకుతుంది. వేలెడంత దేహంలో వెన్నెముక, పక్కటెముకలు, పొట్టభాగాన్ని కప్పిన వెండి పొర అన్నీ బయటికే కనిపిస్తాయి. కండ అంత తేటగా ఉండటం వల్లనే దాని మీద వ్యాపారుల కన్ను పడింది. ఆగ్నేయాసియాలోని కొన్ని పెంపక కేంద్రాల్లో ఈ చేపను నీటిలోంచి తీసి, చేత్తో పట్టుకుని, చర్మం కింద ఒకచోట కాక వరుసగా పలుచోట్ల సూది గుచ్చి, మెరిసే కృత్రిమ రంగును ఎక్కించడం మొదలుపెట్టారు. మనిషికి వాడే సూది ఎంత సన్ననిదైనా వేలెడంత చేపకు అది చాలా పెద్ద గాయం. ఆ గాయాలతో కొన్ని చేపలు అప్పుడే చనిపోతాయి. మిగిలినవి ప్రయాణాలు తట్టుకుని, చేతులు మారి మన ఊరి దుకాణానికి వచ్చేసరికి నీరసించి ఉంటాయి. ఇంగ్లండులో 1990ల్లో పరిశీలించినప్పుడు, రంగు ఎక్కించని గాజు చేపల కంటే ఎక్కించిన వాటిలో లింఫోసిస్టిస్ అనే వైరస్ వ్యాధి చాలా ఎక్కువగా కనిపించింది. ఆ వ్యాధి సోకిన చేపల వాజాల మీద, చర్మం మీద క్యాలీఫ్లవర్ ముక్కల్లా తెల్లటి బుడిపెలు లేస్తాయి. ఇంతా చేసి ఎక్కించిన రంగు నిలుస్తుందా అంటే అదీ లేదు, కొన్ని నెలల్లో వెలిసిపోతుంది.

రంగు వేసే దారి ఇదొక్కటే కాదు. తెల్లటి టెట్రా చేపలను ముందుగా ఘాటైన రసాయన ద్రావణంలో ముంచి, ఒంటిని కప్పి ఉండే జిగురు పొరను ఊడగొట్టి, ఆపైన రంగు నీటిలో ముంచే పద్ధతి కూడా ఉంది. చేప చర్మానికి సూక్ష్మజీవుల నుంచి మొదటి రక్షణ ఆ జిగురు పొరే. దాన్ని తీసేశాక చేప ఏ చిన్న జబ్బుకైనా లోబడిపోతుంది. కొన్నిచోట్ల లేజర్‌తో చేప ఒంటి మీద బొమ్మలు, అక్షరాలు కూడా వేస్తున్నారు. ప్రాణమున్న జీవికి మన కళ్ల సరదా కోసం ఇంత బాధ పెట్టడం తప్పని నేను నమ్ముతున్నాను. 1960 జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవి అనే నిర్వచనం ఉంది. చేప కూడా అందులోకే వస్తుంది.

మీరు ఇంట్లోనే పోల్చుకోవచ్చు. పగటి వెలుతురులో చేపను పక్క నుంచి, పై నుంచి చూడండి. రంగు ఒక చేపలో ముదురుగా, పక్క చేపలో లేతగా, ఒక్కో దానిలో ఒక్కో చోట తెగిపోయినట్టు ఉంటే అది పూసిన రంగో, ఎక్కించిన రంగో అనుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన రంగు మందలోని చేపలన్నిటిలో దాదాపు ఒకే తీరున పరుచుకుని ఉంటుంది. నీలం లైటు వేసి చూసి తేల్చుకోవాలనుకోకండి, కృత్రిమ రంగుల్లో కొన్ని కూడా ఆ లైటుకు మెరుస్తాయి.

పిల్లల విషయంలో భయపడవలసింది రంగు గురించి కాదు. ఏ అక్వేరియం నీటిలోనైనా చర్మవ్యాధి కలిగించే కొన్ని బ్యాక్టీరియాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి, చేతి మీద పుండో గాయమో ఉన్నప్పుడు తొట్టెలో చెయ్యి పెట్టనివ్వకండి. మామూలు రోజుల్లోనైనా చెయ్యి తీశాక సబ్బుతో కడిగించండి. ఇప్పటికే కొన్న గాజు చేపలను బయట పడేయవద్దు. వాటిని కొట్టి తరిమే పెద్ద చేపలను ఆ తొట్టెలో వేయకండి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీటిని మార్చి, పోసే కుళాయి నీటిలో క్లోరిన్ లేకుండా చూసుకోండి. రాత్రి లైటు తప్పకుండా ఆర్పేయండి, చేపలకూ చీకటి కావాలి. రంగు వెలిసిపోయిందని మళ్లీ కొత్తవి కొనకండి. మీరు అడగడం మానేస్తే దుకాణదారు తెప్పించడం మానేస్తారు. ఆ మాట ఆయనకు నేరుగా, మర్యాదగా చెప్పండి. చాలామంది దుకాణదారులకు ఆ రంగు ఎలా వచ్చిందో వాళ్లకు సరుకు పంపేవారు చెప్పి ఉండరు.

ప్రశ్న: ‘గ్లోఫిష్’ అనే చేపలో జెల్లీఫిష్ జన్యువు ఉందని విన్నాను. ఒక జీవి జన్యువు మరో జీవిలో ఎలా పనిచేస్తుంది? ఈ చేపలు చీకట్లో వెలుగుతాయా?
— డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఈ చేపలు చీకట్లో వెలగవు. మిణుగురులా సొంతంగా వెలుగును పుట్టించవు. తమ మీద పడిన నీలం కాంతిని, కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, దానినే ఆకుపచ్చగానో ఎర్రగానో తిరిగి వెదజల్లుతాయి. దీనిని ప్రతిదీప్తి అంటారు. అందుకే దుకాణాల్లో వాటి తొట్టెల మీద నీలం లైట్లు పెడతారు. లైటు ఆర్పితే మెరుపు కూడా ఆరిపోతుంది. పగటి వెలుతురులో మాత్రం రంగు మామూలుగానే కనిపిస్తుంది.

ఇక జన్యువు సంగతి. ఒక ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే సూచనే జన్యువు. ఆ సూచన రాసిన లిపి జెల్లీఫిష్‌లో, చేపలో, మనలో దాదాపు ఒక్కటే కాబట్టి, ఒకదాని సూచనను మరొకదాని కణం చదివి అదే ప్రోటీన్‌ను తయారుచేయగలదు. పసిఫిక్ తీరంలో దొరికే ఎక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్ నుంచి ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను 1962లో ఒసాము షిమొమురా వేరుచేశారు. దాన్ని ఇతర జీవుల కణాల్లో గుర్తుగా వాడుకోవచ్చని మార్టిన్ చాల్ఫీ చూపగా, దాని నుంచి ఎన్నో రంగులు రాబట్టినది రోజర్ చెన్. ఈ ముగ్గురికి 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. క్యాన్సర్ కణం శరీరంలో ఎటు పోతున్నదో, నాడీకణం ఎలా పెరుగుతున్నదో ఈ రోజు శాస్త్రవేత్తలు కళ్లారా చూడగలుగుతున్నారంటే అందులో ఈ ప్రోటీన్ పాత్ర చాలా ఉంది.

చేప విషయానికి వస్తే, 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జియువాన్ గాంగ్ బృందం ఈ జన్యువును జీబ్రా చేప పిండంలో ప్రవేశపెట్టింది. అక్వేరియంలో అందం కోసం వాళ్లు ఆ పని చేయలేదు. నీటిలో విషపదార్థం కలిసినప్పుడు మెరిసి హెచ్చరించే చేపను తయారుచేయాలన్నది వాళ్ల ఆలోచన. కొత్త జన్యువును ప్రవేశపెట్టడం ఒక్కటే చాలదు, అది ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే భాగం కూడా దాని ముందు ఉండాలి. చేప కండరాల్లో ఎప్పుడూ చురుకుగా ఉండే ఒక జన్యువు తాలూకు ఆ భాగాన్ని మెరుపు జన్యువుకు ముందు అతికించేసరికి చేప కండ అంతా మెరవసాగింది. ఎరుపు రంగుకు మూలం పగడాల వంటి సముద్రజీవి. పిండం ఒకే కణంగా ఉన్న దశలోనే ఈ మార్పు జరుగుతుంది కాబట్టి, అది పెరిగి పెద్దదై పెట్టిన గుడ్లలోకి కూడా ఆ జన్యువు దిగుతుంది. ఇప్పుడు దుకాణాల్లో ఉన్న చేపలు ఆ తొలి చేపల సంతానమే. వాటిలో ఏ ఒక్కదానికీ ఎవరూ సూది గుచ్చలేదు. రంగు వాటికి పుట్టుకతో వచ్చింది, బతికినంతకాలం ఉంటుంది.

2003 చివరలో అమెరికాలో ఒక టెక్సస్ కంపెనీ వీటిని ‘గ్లోఫిష్’ పేరుతో అమ్మకానికి సిద్ధం చేసింది. జీబ్రాతో మొదలైన ఆ వరసలో ఇప్పుడు టెట్రా, టైగర్ బార్బ్, బెట్టా వంటివి కూడా ఉన్నాయి. ఐరోపా యూనియన్ దేశాల్లో మాత్రం అనుమతి లేకుండా వీటిని అమ్మడం నిషిద్ధం.

మీరు విజ్ఞానశాస్త్రం చదువుతున్నారు కాబట్టి నా అభిప్రాయం కూడా చెబుతాను. చేప పడే బాధ ఒక్కటే కొలతగా తీసుకుంటే, సూదితో రంగు ఎక్కించిన గాజు చేప కంటే ఈ మెరుపు జీబ్రా బతుకు ఎంతో మేలు. జన్యువు మార్చారన్న ఒక్క కారణంతో దాన్ని అసహ్యించుకోనక్కరలేదు. దాని విషయంలో నన్ను కలవరపెట్టేది వేరే ఉంది, దాన్ని టెక్కలి పాఠకురాలికిచ్చిన జవాబులో రాశాను.

ప్రశ్న: ఇంటి వెనుక సిమెంటు తొట్టెల్లో గప్పీలు, మోలీలు పెంచి అమ్ముతున్నాను. మెరుపు జీబ్రాలకు గిరాకీ ఎక్కువగా ఉంది. కొన్ని జతలు తెచ్చి, పిల్లలు చేయించి అమ్ముకోవచ్చా?
— ఒక పెంపకందారు, రాజాం

జవాబు: వద్దండి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం, జన్యుమార్పిడి చేసిన ఏ జీవినైనా దిగుమతి చేసుకోవాలన్నా, ఉత్పత్తి చేయాలన్నా, అమ్మాలన్నా, పర్యావరణంలోకి విడుదల చేయాలన్నా కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ అనుమతి ముందుగా ఉండాలి. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది ఈ దారిలోనే. ఈ నిబంధనల అమలును చూడటానికి రాష్ట్రస్థాయిలో ఒక కమిటీ, కలెక్టర్ ఆధ్వర్యంలో జిల్లాస్థాయిలో ఒక కమిటీ ఉండాలని కూడా అందులోనే ఉంది. పక్క ఊళ్లో ఎవరో అమ్ముతున్నారు కదా అన్నది రేపు మీ తొట్టెల దగ్గరికి అధికారులు వచ్చినప్పుడు పనికివచ్చే జవాబు కాదు.

మీ కష్టం వృథా కాకుండా ఉండే దారి ఉంది. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ చేపల్లో మంచి రంగున్న తల్లిదండ్రులను తరతరానికీ ఎంచి జతకట్టిస్తే వచ్చే రంగులకు ఏ అనుమతీ అక్కరలేదు, చేపకు ఏ బాధా ఉండదు. చైనాలో గోల్డ్‌ఫిష్‌ను, జపాన్‌లోని నీగతా ప్రాంతపు రైతులు పంతొమ్మిదో శతాబ్దంలో కోయి కార్పును తీర్చిదిద్దినది ఈ ఎంపికతోనే. ఒకే రంగు గప్పీ ఆడ, మగ పిల్లలను కలిసిపోకముందే వేరుచేసి, వరుసను చెడనివ్వకుండా నిలుపుకోగలిగితే, మీ పేరు మీద అడిగి కొనేవాళ్లు వస్తారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకరణ చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయాన్ని లెక్కగట్టి, సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీగా నిర్ణయించారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ప్రశ్న: మేము ఇల్లు మారుతున్నాము, అక్వేరియం తీసేస్తున్నాము. అందులో ఎర్రగా మెరిసే చిన్న చేపలు, అద్దానికి అతుక్కుని పాచి తినే నల్ల చేప ఒకటి ఉన్నాయి. ఊరి చెరువులో వదిలిపెడితే పుణ్యమని మా అత్తగారు అంటున్నారు. వదలవచ్చా?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: మీ అత్తగారి దయకు నమస్కారం. అయినా దయచేసి వదలవద్దు.

ఈ మెరుపు చేపలకు అమెరికాలో అనుమతి అడిగినప్పుడు, మామూలు జీబ్రాలు అక్కడ ఏళ్ల తరబడి అమ్ముడవుతున్నాయని, వాటికంటే ఇవి పర్యావరణానికి ఎక్కువ ముప్పు తెస్తాయనడానికి ఆధారం లేదని ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2003 డిసెంబరులో ప్రకటించింది. ఉష్ణమండలపు ఈ చేప అక్కడి చలికాలపు నీటిలో నిలవలేదన్న వాదన కూడా ఉంది. ఆ వాదన టెక్కలిలో పనిచేయదు. జీబ్రా చేప భారత ఉపఖండపు చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దాన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించినది గంగానది, దాని ఉపనదుల చేపల గురించి రాస్తూనే. నిలకడగా ఉన్న లోతు తక్కువ నీరు, వరిచేల పక్క కాలువలు, గడ్డి మొలిచిన గట్లు దానికి పుట్టిల్లు. మన గెడ్డలు, చెరువులు, నాగావళి, వంశధార పంట కాలువలు అచ్చంగా అలాంటి చోట్లే. మన నీరు దానికి సరిపోతుంది, మన చలి దాన్ని చంపదు. పైగా మామూలు జీబ్రా చేప ఉన్న నీటిలో పడితే మెరుపు జీబ్రా దానితో జతకట్టగలదు.

ఆ తరువాత ఏమవుతుందన్నదానికి రెండు రకాల సాక్ష్యాలు ఉన్నాయి. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు మామూలు జీబ్రాలను, ఎర్ర మెరుపు జీబ్రాలను కలిపి తరాల తరబడి పెంచి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆడ చేపలు మెరుపు మగవాటినే ఇష్టపడినా, మామూలు మగ చేపలు వాటిని తరిమికొట్టి తామే జతకట్టేవి. పదిహేను తరాలు గడిచేసరికి మెరుపు జన్యువు దాదాపు కనుమరుగైంది. ఎర్రగా మెరిసే చేపను వేటాడే చేపలు మామూలు దానికంటే సుమారు రెట్టింపుగా పట్టి తింటున్నాయని 2011లో మరో పరిశోధన చూపింది. ఈ రెండూ చదివి, వదిలినా అవే పోతాయిలే అనుకోవచ్చు. కానీ బ్రెజిల్‌లో, అక్వేరియం చేపల పెంపకం విరివిగా సాగే మినాస్ జెరైస్ రాష్ట్రపు ప్రాంతంలో, చిన్న వాగుల్లో ఎర్ర, ఆకుపచ్చ మెరుపు జీబ్రాలు పెరుగుతూ, గుడ్లు పెడుతూ, అక్కడి పురుగులను తింటూ నిలదొక్కుకున్నట్టు 2022లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. వాటి అమ్మకాన్ని ఆ దేశం అప్పటికే నిషేధించింది. పెంపకపు చెరువుల నుంచి అవి తప్పించుకుని వాగుల్లో పడ్డాయి. తొట్టెలో పోయిన జన్యువు వాగులో పోకపోవచ్చు. మన గెడ్డలో ఏ ఫలితం వస్తుందో తేల్చుకోవడానికి మన గెడ్డనే ప్రయోగశాల చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఒక చెరువులో వదిలినది ఆ చెరువులోనే ఉంటుందని కూడా అనుకోవద్దు. మీ ప్రాంతంలో చెరువు నిండితే నీరు మదుముల గుండా పొలాలకు, పొలాల నుంచి గెడ్డకు, గెడ్డ నుంచి నదికి పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఏ నీరు ఏ నీటిలో కలిసిందో చూసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు.

మీరు రాసిన నల్ల చేప ఇంకా పెద్ద సమస్య. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేప. అక్వేరియంలో జానెడు కూడా లేనిది చెరువులో మూరెడు దాకా పెరుగుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, ఒంటి మీది గట్టి పలకలతో, ముళ్లతో జాలర్ల వలలు చించుతుంది. దాన్ని కొనేవారుండరు. ఇలా ఇళ్ల నుంచి వదిలినవే మన రాష్ట్రంలో ఎన్నో చెరువుల్లోకి చేరి, చేపలు పెంచేవాళ్లు దెయ్యం చేప అని తిట్టుకునేంతగా పెరిగాయి. ఊరి చెరువు మీద బతికే కుటుంబాలకు అది నేరుగా నష్టం.

చేపలను కొన్న దుకాణంలోనే అడగండి, చాలామంది డబ్బు ఇవ్వకపోయినా తీసుకుంటారు. లేదా అక్వేరియం ఉన్న తెలిసినవారికి, బడికి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు ఇదే జాగ్రత్త చెప్పండి. తొట్టె ఖాళీ చేసేటప్పుడు నీటిని కాలువలో పోయకుండా, ఎండిన నేల మీద, మొక్కల మొదట్లో పోయండి. జీబ్రాలు గుడ్లను అడుగునున్న రాళ్ల మధ్య చల్లేస్తాయి, అవి కంటికి కనిపించవు. ఆ రాళ్లను కడిగి ఎండలో బాగా ఆరబెట్టాకే మరొకరికి ఇవ్వండి.

ప్రశ్న: వాస్తు కోసం ఫ్లవర్‌హార్న్ పెట్టుకోమంటున్నారు. ఎర్రటి పారట్ చేపలు కూడా బాగుంటాయంటున్నారు. ఇవి కూడా జన్యుమార్పిడి చేపలేనా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కావు, రెండూ సంకర జాతులు. పారట్ 1980ల్లో తైవాన్‌లో, ఫ్లవర్‌హార్న్ 1990ల్లో మలేషియాలో పుట్టాయి. పారట్ నోరు పూర్తిగా మూసుకోదు, అందువల్ల మేత అందుకోవడం దానికి కష్టం. చూసి ముచ్చటపడి కొనేముందు ఆ సంగతి తెలుసుకోవాలి. నీలం, ఊదా రంగుల పారట్ కనిపిస్తే అది రంగు వేసిన చేపే, కొనకండి. ఫ్లవర్‌హార్న్ అడుగు దాటి పెరిగే, మరో చేపను దగ్గరికి రానివ్వని చేప. దానికి 200 లీటర్లకు తక్కువ కాని తొట్టె కావాలి. అంత చోటు లేని ఇంట్లో, చిన్న గాజు పెట్టెలో దాన్ని బంధించడం ఏ శుభం కోసమైనా న్యాయం కాదు.

ప్రశ్న: రంగు పెంచే మేత వేయడం కూడా మోసమేనా?
— ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: మేతలో ఏముందో చూడాలి. ఎరుపు, నారింజ రంగులకు కావలసిన కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే పొందాలి. చెరువులో పాచి, చిన్న రొయ్యల వంటి జీవుల నుంచి దానికవి అందుతాయి. స్పైరులీనా, రొయ్య పొట్టు పొడి కలిసిన మేత అదే పని చేస్తుంది, అందులో తప్పేమీ లేదు. హార్మోన్ పెట్టి పెంచిన చేపల విషయం వేరు. పిల్ల గప్పీలకు, గౌరామీలకు మగ హార్మోన్ ఇచ్చి, రంగు రావలసిన వయసు కంటే ముందే రంగు తెప్పించి అమ్మేవారున్నారు. ఆ చేపలు మీ తొట్టెకు వచ్చాక కొన్ని వారాల్లో పాలిపోతాయి, వాటిలోని ఆడవి చాలావరకు గొడ్డుపోతాయి. దుకాణంలోని తొట్టెలో మరీ చిన్న చేపలు కూడా పూర్తి రంగుతో, ఆడ మగ తేడా లేకుండా ఒకే తీరున మెరుస్తుంటే, ఆ తొట్టెలోంచి కొనకండి.